హెలెన్ రిచీ: లెక్కకు రాని గంటలు

విమాన చోదకుల వద్ద ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఏ తేదీన, ఏ రకం విమానంలో, ఎన్ని గంటలు ఆకాశంలో గడిపిందీ అందులో వ్రాసుకొంటారు. విమాన సంస్థలో ఉద్యోగం కోరి వెళ్ళినవారిని మొట్టమొదట అడిగేది ఆ పుస్తకమే. మొత్తం గంటలు ఎన్ని అని చూడడంతో పరీక్ష ముగియదు. ఆ గంటలు సైన్యంలో సంపాదించినవా, తపాలా విమానాలపై సంపాదించినవా, లేక వినోద ప్రదర్శనలలోనా అన్నది కూడా విచారిస్తారు. అమెరికా దేశపు వైమానికురాలు హెలెన్ రిచీ జీవితాన్ని ఈ రెండవ విచారణే శాసించింది.

ఆమె 1909 నవంబరు 21వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఉక్కు కర్మాగారాలకు పేరుపొందిన మెకీస్‌పోర్ట్ పట్టణంలో జన్మించింది. తండ్రి జోసెఫ్ రిచీ ఆ పట్టణంలోని పాఠశాలలన్నింటికీ పర్యవేక్షకుడు. అటువంటి ఇంటి ఆడపిల్లకు ఆనాడు సహజంగా తోచే మార్గం ఉపాధ్యాయ వృత్తి. హెలెన్ మాత్రం ఇరవయ్యవ ఏట విమానం నడపడం నేర్చుకొన్నది. ఆమెకు లైసెన్సు రాగానే తండ్రి ఒక విమానమే కొనిపెట్టాడు. కుమార్తె అభిలాషను అంతగా మన్నించిన తండ్రులు ఏ దేశంలోనైనా అరుదుగానే ఉంటారు.

విమానమైతే వచ్చింది గాని, దానితో జీవనోపాధి ఎట్లా? ఆ రోజులలో అమెరికా విమాన సంస్థలలో చేరిన పైలట్లలో చాలామంది సైన్యంలో శిక్షణ పొందినవారు, లేదా తపాలా సంచులు మోస్తూ రాత్రింబవళ్ళు తిరిగినవారు. సైనిక శిక్షణ స్త్రీలకు లభించదు. తపాలా విమానాలు కూడా ఇంచుమించు పూర్తిగా పురుషుల చేతిలోనే ఉన్నవి. స్త్రీలకు మిగిలినవి పందాలు, విన్యాసాలు, రికార్డులు. గంటలు పోగుచేయడానికి హెలెన్‌కు ఇవే దిక్కయినవి.

1933 డిసెంబరులో, ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ నగరంపై, ఫ్రాన్సిస్ మార్సాలిస్ అనే మరొక వైమానికురాలితో కలిసి ఆమె చేసిన సాహసం నేటికీ ఆశ్చర్యం గొలుపుతుంది. నేలపై దిగకుండా సుమారు పది దినాలు వారిద్దరూ గాలిలోనే ఉండిపోయారు. ఒకరు నిద్రిస్తే ఒకరు నడిపేవారు. పెట్రోలును పైన ఎగిరే మరొక విమానం నుండి గొట్టం ద్వారా అందుకొనేవారు. ఒకసారి ఆ గొట్టం తగిలి విమానంపై గుడ్డ చిరిగిపోగా, హెలెన్ వెలుపలికి ప్రాకి, సూదీ దారంతో కుట్టివచ్చిందని చెబుతారు. మరుసటి సంవత్సరం ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో స్త్రీలకు ప్రత్యేకంగా జరిగిన జాతీయ వైమానిక పోటీలలో ప్రధాన పందెం ఆమే గెలిచింది. ఆ పోటీలలోనే మార్సాలిస్ విమానం కూలి మరణించింది.

ఇటువంటి గంటలు ఎన్ని ఉన్నప్పటికీ విమాన సంస్థల అధికారులు వాటిని సర్కసు విద్యగా పరిగణించేవారు. అయితే 1934 చివరలో ఒక అవకాశం తటస్థించింది. వాషింగ్టన్ నుండి డిట్రాయిట్‌కు పోయే మార్గంలో సెంట్రల్ ఎయిర్‌లైన్స్, పెన్సిల్వేనియా ఎయిర్‌లైన్స్ అనే రెండు సంస్థలు ఒకదానితో ఒకటి తీవ్రంగా పోటీపడుతున్నవి. సెంట్రల్ సంస్థ వారు హెలెన్‌ను పైలట్‌గా నియమించారు. ఆమె సామర్థ్యాన్ని గుర్తించారనుట నిజమే. పత్రికలలో ఉచితంగా లభించే ప్రచారాన్ని కూడా గుర్తించారనుట అంతకంటె నిజం. ఏమైతేనేమి, 1934 డిసెంబరు 31వ తేదీన మూడు ఇంజన్ల ఫోర్డు విమానంలో ఆమె ఆ మార్గంపై తొలి ప్రయాణం చేసింది. అమెరికాలో క్రమబద్ధమైన ప్రయాణీకుల విమానాన్ని ఉద్యోగినిగా నడిపిన మొదటి స్త్రీ అయింది.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. పైలట్ల సంఘంలో అందరూ పురుషులే. వారు ఆమెకు సభ్యత్వం ఇవ్వ నిరాకరించారు. తుఫాను వేళ అంత పెద్ద విమానాన్ని అదుపులో ఉంచే దేహబలం స్త్రీకి ఉండదని వారి వాదన. విమానయానాన్ని పర్యవేక్షించే ప్రభుత్వ వాణిజ్య శాఖ కూడా ఆ వైపే మొగ్గి, వాతావరణం బాగులేనప్పుడు ఆమెకు విమానం అప్పగించరాదని సూచించింది. పది దినాలు నిద్రాహారాలకు ఓర్చి గాలిలో నిలిచిన మనిషి దేహబలం గురించి కుర్చీలలో కూర్చున్నవారు సంశయించడం వింతగా లేదూ?

ఇందులోని చిక్కును కొంచెం నిదానించి చూడాలి. దుర్దినాలలో విమానం నడిపిన అనుభవం ఉన్నవారే యోగ్యులు అన్నారు. ఆ అనుభవం సంపాదించడానికి దుర్దినాలలో నడపనివ్వలేదు. సంఘంలో సభ్యత్వం లేనందువల్ల తోటివారి అండ లేదు. వారి అండ లేనందువల్ల సంస్థలో బలం లేదు. నెలలు గడిచినా ఆమె పుస్తకంలో ఆ మార్గపు ప్రయాణాలు డజనుకు చేరలేదు. తక్కిన దినాలలో సంస్థ ఆమెను విమానాశ్రయాలలో ఛాయాచిత్రాలకు, సభలలో ఉపన్యాసాలకు వినియోగించుకొన్నది. 1935లోనే ఆమె రాజీనామా చేసింది. సుప్రసిద్ధ వైమానికురాలు అమీలియా ఇయర్‌హార్ట్ ఈ అన్యాయాన్ని బహిరంగంగా విమర్శించినా ఫలితం లేకపోయింది.

అంతటితో హెలెన్ విమానం వదలలేదు. దారి తప్పిన పైలట్లకు ఆనవాలుగా ఊళ్ళ పేర్లను ఇళ్ళ కప్పులపై పెద్ద అక్షరాలతో వ్రాయించే ప్రభుత్వ పథకంలో పనిచేసింది. 1936లో అమీలియాతో కలిసి దేశాన్ని అడ్డంగా దాటే బెండిక్స్ పందెంలో పాల్గొని ఐదవ స్థానం పొందింది. ఆ ఏడు ఆ పందెంలో మొదటి స్థానం లూయీ థేడన్, బ్లాంచ్ నోయ్స్ అనే ఇద్దరు స్త్రీలదే కావడం గమనించదగినది. దేహబలం వాదనకు అంతకంటె సమాధానం ఏం కావాలి? కాని విమాన సంస్థలు ఆ వార్తను పత్రికలలో చదివి ఊరకున్నవి.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పైలట్ల కొరత ఏర్పడి, స్త్రీల గంటలకు ఒక్కసారిగా విలువ వచ్చింది. హెలెన్ 1942లో ఇంగ్లండు వెళ్ళి, కర్మాగారాల నుండి సైనిక స్థావరాలకు విమానాలు చేరవేసే దళంలో చేరి, అమెరికా స్త్రీల విభాగానికి కొంతకాలం నాయకత్వం వహించింది. స్వదేశం తిరిగివచ్చి అక్కడి మహిళా వైమానిక దళంలో అదే పని చేసింది. ఆ దళం వారు యుద్ధ విమానాలను, బాంబర్లను సైతం నడిపారు. 1944 డిసెంబరులో ప్రభుత్వం ఆ దళాన్ని రద్దు చేసింది.

యుద్ధం ముగిసింది. నాలుగు ఇంజన్ల బాంబర్లపై వందల గంటలు గడించిన యువకులు వేల సంఖ్యలో ఇళ్ళకు చేరుకొన్నారు. విమాన సంస్థలు ద్వారాలు తెరచింది వారి కోసమే. దేశం కోసం ప్రాణాలకు తెగించినవారికి ఉద్యోగాలివ్వడాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కాని మహిళా దళంలో పనిచేసినవారిని ప్రభుత్వం సైనికులుగా గుర్తించలేదు. ఒకే విమానం, ఒకే ఆకాశం. వారి పుస్తకంలో అవి సైనిక గంటలు, ఈమె పుస్తకంలో కావు. హెలెన్‌కు పని దొరకలేదు. 1947 జనవరి 7వ తేదీన, 37 సంవత్సరాల వయస్సులో, న్యూయార్క్‌లోని తన నివాసంలో ఆమె మరణించి కనిపించింది. ఆత్మహత్య అని అధికారులు నిర్ణయించారు.

ఆ 1947వ సంవత్సరంలోనే మన దేశంలో ప్రేమ్ మాథుర్ అనే ఆమె అలహాబాదులో వాణిజ్య విమాన చోదకురాలి లైసెన్సు పొందింది. స్త్రీ అన్న కారణంతో పలు సంస్థలు నిరాకరించిన మీదట ఆమెను ఉద్యోగంలోకి తీసుకొన్నది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట నుండి ఎగిరిన ఆ విమానాలలో సైతం ప్రధాన పైలట్ స్థానం ఆమెకు దక్కలేదు. ఆమె 1949లో జాతీయ వైమానిక పందెం గెలిచింది. 1953లో దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైంది. ఆమె కూడా ఆ సంస్థలోనే చేరింది.

అమెరికాలో హెలెన్ వదలిన స్థానం చాలా కాలం ఖాళీగానే ఉన్నది. 1973లో ఫ్రాంటియర్ ఎయిర్‌లైన్స్ వారు ఎమిలీ హొవెల్ వార్నర్‌ను పైలట్‌గా నియమించారు. అప్పటికి ఆమె వేల గంటల అనుభవం గల శిక్షకురాలు. ఆమె వద్ద నేర్చుకొన్న యువకులు ఆమె కంటె ముందే విమాన సంస్థలలో చేరిపోయారు. హెలెన్‌కు సభ్యత్వం నిరాకరించిన పైలట్ల సంఘం 1974లో ఎమిలీని చేర్చుకొన్నది.