తను చూడని మ్యాచ్

మన క్లబ్‌లో బుచ్చిబాబు అనగానే అందరికీ చివరకు మిగిలేది నవల గుర్తొస్తుంది. హాస్టల్లో అదే పేరు చెప్తే ఉప్పెన డైరెక్టర్ అంటారు. నేను చెప్పబోయేది మూడో బుచ్చిబాబు గురించి. ఈయన నవల రాయలేదు, సినిమా తీయలేదు. ఒక క్రికెట్ మ్యాచ్ ఏర్పాటు చేశారు. అది చూడకుండానే పోయారు.

2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్ జట్టు బుచ్చిబాబు టోర్నమెంట్ గెలిచిందని ఫోన్లో వార్త చూశాను. అప్పటిదాకా నాకది ఒక కప్పు పేరు, అంతే. ఆ కప్పు వెనకాల ఒక మనిషి ఉన్నాడని తర్వాతెప్పుడో, గత సంక్రాంతి సెలవులు అయ్యాక, వెతికితే తెలిసింది. ఎందుకు వెతికానో చెప్పాలంటే ముందు మా ఊరి గొడవ చెప్పాలి.

మాది మార్కాపురం. పలకల ఊరు. మీలో చాలామంది అఆలు దిద్దిన పలక మా దగ్గర తవ్విన రాయే అయ్యుంటుంది. సంక్రాంతికి మేమూ గిద్దలూరు కుర్రాళ్లూ మూడు మ్యాచ్‌ల సిరీస్ ఆడతాం. ఒకటి మా ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో, మూడోది టాస్ వేసి. నాకు బ్యాటింగ్ అంతంత మాత్రం. అందుకని స్కోరర్‌ని. పెద్ద పలక మీద బలపంతో స్కోరు రాసి గ్రౌండ్ పక్కన నిలబెడతా, ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో ఎక్కిస్తా.

పోయిన సంవత్సరం మూడో మ్యాచ్ మా గ్రౌండ్‌కి పడింది. షామియానా ఒక్కటే వేశాం, అందులో మేం కూర్చున్నాం. వాళ్లు వేపచెట్టు కింద కిట్లు పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి నీడ అవతలికి తిరిగిపోయింది. వాటర్ క్యాన్ మా వైపే ఉంది. అంపైర్లు ఇద్దరూ మావాళ్లే. చివరి ఓవర్లలో మావాడు ఒకడు గజం దూరంలో రనౌట్ అయితే ఇవ్వలేదు. మాటా మాటా పెరిగింది. వాళ్లు బ్యాట్లు సర్దుకుని స్టేషన్‌కి వెళ్లిపోయారు. మేం గెలిచామని పలక మీద రాసింది నేనే. రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. హాస్టల్‌కి వచ్చాక ఆ వేపచెట్టు తెగ గుర్తొచ్చేది. ఆ రోజుల్లోనే బుచ్చిబాబు గురించి చదివాను.

ఆయన అసలు పేరు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. 1868లో పుట్టారు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబం. తాతగారు ప్యారీ కంపెనీకి దుబాషీ. దుబాషీ అంటే రెండు భాషలు తెలిసినవాడని అర్థం. కానీ పని అనువాదం ఒక్కటే కాదు. దొరలకీ ఇక్కడి వర్తకులకీ మధ్య మాట, సరుకు, డబ్బు నడిపించేది ఆయనే. అందులో బాగా సంపాదించారు. మనవణ్ణి దత్తత తీసుకున్నారు. మైలాపూర్ పక్కన లజ్‌లో పెద్ద ఇల్లు, పిల్లాడి పెంపకానికి ఇంగ్లీషు ఆయాలు. గుర్రపుస్వారీ, క్రికెట్ అన్నీ చిన్నప్పుడే వచ్చాయి. ఆయన ఆటకి పెట్టిన డబ్బు కూడా దొరల వ్యాపారం నుంచి వచ్చిందే. అది దాచాల్సిన పని లేదు.

అప్పటికి మద్రాసులో క్రికెట్ అంటే మద్రాస్ క్రికెట్ క్లబ్. 1846లో పెట్టారు. చెపాక్ గ్రౌండ్ వాళ్లది. సభ్యులంతా తెల్లవాళ్లు. మనవాళ్లు ఎప్పుడైనా వాళ్లతో ఆడటానికి వెళ్తే గ్రౌండ్‌లోకి రానిచ్చేవారు గానీ పెవిలియన్‌లోకి రానిచ్చేవారు కాదు. బట్టలు మార్చుకోవడం, కూర్చోవడం, అన్నం తినడం అన్నీ బయట చెట్ల కిందే. ఇది చదివి అక్కడే ఆగిపోయాను. వ్యాపారంలో దొరల పక్కన కూర్చునే ఇంటి కుర్రాడు, ఆటలో మాత్రం చెట్టు కింద. మా వేపచెట్టు కథలో నేను ఏ వైపు ఉన్నానో వేరే చెప్పక్కర్లేదు.

ఆయన ఆ పెవిలియన్ మెట్లెక్కనివ్వమని అడుగుతూ కూర్చోలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. అప్పటికి వయసు ఇరవై. అంటే మనం సప్లీలు రాసుకునే వయసు. సి.కె. నాయుడు పుట్టడానికి ఇంకా ఏడేళ్లు ఉంది. ఎస్‌ప్లనేడ్ మైదానంలో స్థలం సంపాదించారు. మన కుర్రాళ్లని పోగేశారు. బ్యాట్లు, ప్యాడ్లు కొనుక్కోలేని వాళ్లకి తనే కొనిచ్చేవారని చెప్తారు. తెల్ల ఫ్లానెల్ బట్టలు వేసుకుని, టైముకి వచ్చి, పద్ధతిగా ఆడటం నేర్పారు. అవతలి జట్టు మన ఆటని తప్పుపట్టే వీలు ఉండకూడదనుకున్నారేమో.

ఇక్కడ బొంబాయి సంగతి కూడా చెప్పాలి. అక్కడ పార్సీలు 1886లోనే ఇంగ్లండ్ వెళ్లి ఆడొచ్చారు. 1892 నుంచి యూరోపియన్లకీ పార్సీలకీ ప్రెసిడెన్సీ మ్యాచ్ జరిగేది. 1907లో హిందువుల జట్టు, 1912లో ముస్లింల జట్టు చేరాయి. టోర్నమెంట్ పెద్దదైంది గానీ జట్లు మతాల వారీగానే పెరిగాయి. మద్రాసులో బుచ్చిబాబు అనుకున్న మ్యాచ్ అలాంటిది కాదు. ఒక పక్క యూరోపియన్లు, రెండో పక్క భారతీయులు. మనవాళ్లంతా ఒకటే జట్టు. ఆయన పెట్టిన క్లబ్ పేరులోనే యునైటెడ్ ఉంది కదా.

ఆ మ్యాచ్ ఒక్క రోజులో కుదరలేదు. క్లబ్ పెట్టింది 1888లో. మద్రాస్ క్రికెట్ క్లబ్‌తో మాట కుదిరింది 1908లో. మధ్యలో ఇరవై ఏళ్లు. మొదట ఈ లెక్క చూసి ఇంత ఆలస్యమా అనుకున్నాను. ఆలోచిస్తే అర్థమైంది. సిరీస్ కావాలంటే రెండు జట్లు ఉండాలి. మద్రాసులో ఒకటే ఉంది. రెండోదాన్ని తయారు చేయడానికే ఆయన జీవితంలో సగం పోయింది. అవతలివాళ్లు జాలిపడి పిలవలేదు. ఎదురుగా ఆడదగ్గ జట్టు ఒకటి కనిపించాక పిలవక తప్పలేదు.

మ్యాచ్ ఖాయమైంది. దాని కోసం ఎదురుచూస్తుండగానే అదే 1908లో బుచ్చిబాబు చనిపోయారు. నలభై ఏళ్ల వయసు.

చదువుతూ నేను అనుకున్నదేంటంటే, ఇంక మ్యాచ్ ఆగిపోయి ఉంటుందని. మా సిరీస్ అయితే కచ్చితంగా ఆగిపోయేది. వాళ్లు ఆపలేదు. ఆయన లేకుండానే జట్టు దిగింది. 1915-16 నుంచి దానికి ఫస్ట్ క్లాస్ హోదా వచ్చింది. తర్వాత తర్వాత అది సంక్రాంతి రోజుల ఆటగా, పొంగల్ మ్యాచ్‌గా పేరుపడింది. మన మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో, అదే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇక్కడ గంగిరెద్దులు తిరుగుతున్న రోజుల్లోనే అక్కడ చెపాక్‌లో ఈ మ్యాచ్ నడుస్తుండేది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, 1952 దాకా ఆడారు. రంజీ ట్రోఫీ మొట్టమొదటి మ్యాచ్ 1934 నవంబర్‌లో జరిగింది కూడా ఆ చెపాక్‌లోనే, మద్రాసుకీ మైసూరుకీ మధ్య. చెట్ల కింద అన్నం తిన్న మనవాళ్లకి పాతికేళ్లలో అది సొంత గ్రౌండ్ లాగా అయిపోయింది.

ఇంట్లో కూడా ఆట ఆగలేదు. కొడుకులు క్రికెటర్లయ్యారు. వాళ్లలో ఒకాయన కోటా వారింటికి దత్తు వెళ్లి కోటా రామస్వామి అయ్యారు. తండ్రి పోయినప్పుడు ఆయనకి పన్నెండేళ్లు. 1922లో దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. 1936లో మాంచెస్టర్‌లో మొదటి టెస్ట్ ఆడేటప్పటికి ఆయనకి నలభై నిండాయి. రెండు ఇన్నింగ్స్‌లో 40, 60 కొట్టారు. తండ్రి బతుకు ముగిసిన వయసులో కొడుకు టెస్ట్ క్రికెట్ మొదలుపెట్టారు.

ఇప్పుడు తమిళనాడు క్రికెట్ సంఘం ఆయన పేరున టోర్నమెంట్ జరుపుతోంది. వేరే రాష్ట్రాల జట్లని పిలిచి ఆడిస్తారు. పిలిచి ఆడించడమనేది ఆయన పేరుకి సరిగ్గా సరిపోయిన పని.

ఈ సంక్రాంతికి మా సిరీస్ ఉంటుందా లేదా అన్నది దసరాకి కూడా తేలలేదు. గిద్దలూరు వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. మావాళ్లు రాకపోతే పోనీ, మనలో మనమే రెండు జట్లుగా ఆడదాం అన్నారు. నాలుగోసారి చేస్తే వాళ్ల కెప్టెన్ ఎత్తాడు. రనౌట్ మాటే ముందు చెప్పాను. అది అవుటేనని, నోట్‌బుక్‌లో మేం గెలిచామని ఉన్నది కొట్టేసి ఫలితం తేలలేదని రాశానని చెప్పాను. అవతల కాసేపు ఏ శబ్దం లేదు. తర్వాత ఎండ గురించి అడిగాడు. ఈసారి చెట్టు కింద కూర్చోబెడతారా అని. నాకు సమాధానం వెంటనే రాలేదు.

కనుమ మర్నాడు మొదటి మ్యాచ్, మా ఊళ్లోనే. షామియానా పెద్దది మాట్లాడాను, రెండు జట్లూ దాని కిందే. అంపైర్లు ఒకరు మావాళ్లు, ఒకరు వాళ్లు. అన్నం అందరికీ ఒకే గిన్నెలోంచి. మావాళ్లలో ఇద్దరు దీనికి ఇంకా ఒప్పుకోలేదు, చందా కూడా ఇవ్వలేదు. షామియానా అద్దెకి ఇంకా కొంచెం తక్కువ పడుతోంది. వాళ్లు నిజంగా రైలు దిగుతారో లేదో ఆ రోజు పొద్దున దాకా తెలీదు. పలక మాత్రం కడిగి పెట్టాను. రెండు జట్ల పేర్లూ రాసి ఉంచాను, ఈసారి వాళ్ల పేరు ముందు.