సర్ చార్లెస్ వీట్‌స్టన్ - సూదిమొనతో అక్షరం చూపిన శాస్త్రవేత్త

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల కళాశాలలలో భౌతికశాస్త్రం చదివే విద్యార్థులకు వీట్‌స్టన్ బ్రిడ్జి సుపరిచితం. మీటర్ బ్రిడ్జి తీగపై జాకీని జరుపుతూ, గాల్వనామీటరు సూది సున్న వద్ద నిలిచే స్థానాన్ని వెదకని వారు మనలో అరుదు. అయితే ఆ వలయాన్ని 1833లోనే క్రిస్టీ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించాడు. వీట్‌స్టన్ దానిని 1843లో ప్రచారంలోకి తెచ్చి, ఆ ఘనతను క్రిస్టీకే ఇచ్చారు. తనది కాని దానితో ఖ్యాతి గడించిన ఆ మహనీయుడు నిజంగా తనవైన వాటిచేత మరుగున పడటం చిత్రమే.

ఆయన 1802 ఫిబ్రవరి 6న ఇంగ్లండులోని గ్లోస్టర్ సమీపంలో జన్మించారు. వంశవృత్తి వాద్యపరికరాల నిర్మాణం. 1834లో లండన్ కింగ్స్ కాలేజీలో ఆచార్యులైనా సభాభీతి ఆయనను వీడలేదు. వార్షికోత్సవ వేదికపై వణికే మన మిత్రులకు ఇది కొంత ఊరట కాగలదు!

1837లో కుక్ అనే భాగస్వామితో కలిసి ఆయన విద్యుత్ టెలిగ్రాఫ్‌కు పేటెంటు పొందారు. వజ్రాకారపు పలకపై ఇరవై అక్షరాలు, నడుమ వరుసగా ఐదు సూదులు. రెండు సూదులు వాలగానే అవి చూపే గీతలు కలిసే చోట ఉన్నదే పంపిన అక్షరం. మోర్సు పద్ధతిలో చుక్కలు, గీతలు కంఠస్థం చేయాలి. ఇక్కడ చదువు వస్తే చాలు. నేర్చుకొనే భారాన్ని మనిషి నుండి యంత్రానికి మార్చడమే ఆయన ప్రతిభ అని మేము భావిస్తున్నాము.

నేడు నెట్‌వర్క్ రూటరును అమర్చేవారి ఎదుట ఉన్న సమస్యా ఇదే. నల్లని తెరపై ఆజ్ఞలను తప్పులేకుండా టైపు చేయడం నిపుణుల పని. అదే అమరికను పేర్లు, గడులు, మీటలు గల చిత్రరూపంలో తెరపై పరిస్తే కార్యాలయ గుమాస్తా కూడా నిర్వహించగలడు. అయితే ఏది చూపాలి, ఏది విడిచిపెట్టాలి అన్నదే కష్టం. వీట్‌స్టన్ పలకపై సి, జె, క్యు, యు, ఎక్స్, జెడ్‌లకు చోటు దక్కలేదు. తరువాతి రెండు సూదుల యంత్రంలోనూ క్యు లేదు. 1845 జనవరి 1న ఒక హంతకుడు స్లౌ నుండి లండనుకు రైలులో పారిపోతుండగా, అతడు క్వేకరు వేషంలో ఉన్నాడని తంతి వెళ్ళింది. క్యు లేనందున ఆ మాటను కె, డబ్ల్యు అక్షరాలతో మొదలుపెట్టారు. అందుకొన్న ఉద్యోగి తికమకపడి మళ్ళీ మళ్ళీ అడిగాడు. అదృష్టవశాత్తు హంతకుడు తప్పించుకోలేకపోయాడు. మన తెలుగు వర్ణమాలనో, ఉర్దూ అక్షరమాలనో ఆ పలకపై పేర్చవలసి వస్తే ఏమయ్యేదో!

అంతకంటె పెద్ద చిక్కు ఖర్చు. ఐదు సూదులకు ఐదు తీగలు కావాలి. తీగలు తగ్గిస్తే సూదులు తగ్గాయి, సంకేతాలను మళ్ళీ నేర్చుకోక తప్పలేదు. ఇంతలో ఆవిష్కరణ ఎవరిదన్న వివాదం కుక్‌తో రేగి, 1841లో మధ్యవర్తుల ముందుకు వెళ్ళింది. వారు ఇద్దరికీ ఘనత పంచినా స్నేహం మాత్రం అతుకలేదు.

వీట్‌స్టన్ నిరాశ చెందలేదు. 1840లో ఆరంభించి 1858లో మెరుగుపరచిన ఆయన ఏబీసీ యంత్రంలో గడియారపు ముఖం వంటి పలక చుట్టూ అక్షరాలు, వాటి పక్కన మీటలు ఉండేవి. పిడి త్రిప్పుతూ మీట నొక్కితే, దూరాన ఉన్న సూది అదే అక్షరం వద్ద ఆగేది. బ్యాటరీ అవసరం లేదు, శిక్షణా అక్కరలేదు. వ్యాపారులు, చిన్న తపాలా కార్యాలయాలవారు దానిని ఆదరించారు. వేగంలో మాత్రం అది ఆరితేరిన మోర్సు ఉద్యోగికి సాటిరాదు. రద్దీ మార్గాల కోసం ఆయనే చిల్లుల కాగితంతో నడిచే స్వయంచాలక యంత్రాన్ని నిర్మించారు. నిపుణునికి ఒక సాధనం, సామాన్యునికి మరొకటి. ఒకదానిని మరొకదానితో పోల్చి తక్కువచేయడం తగదు.

1868లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 1875 శరత్కాలంలో సముద్రగర్భ తంతుల సందేశాలను అందుకొనే పరికరాన్ని మెరుగుపరుస్తూ పారిస్‌లో ఉండగా జలుబు చేసి, ఊపిరితిత్తుల వాపుగా ముదిరింది. అక్టోబరు 19న అక్కడే కన్నుమూశారు.