మేరీ డెలానీ

మేరీ డెలానీ (1700 మే 14 - 1788 ఏప్రిల్ 15) ఇంగ్లండుకు చెందిన చిత్రకారిణి, కుట్టుపనిలో నిపుణురాలు. రంగు కాగితాలను కత్తిరించి, అతికించి, వాటిపై నీటిరంగులతో మెరుగులు దిద్ది ఈమె రూపొందించిన పూల చిత్రాలు "ఫ్లోరా డెలానికా" పేరుతో ప్రసిద్ధి చెందాయి. 72 సంవత్సరాల వయసులో మొదలుపెట్టిన ఈ పనికి ఆధారం జీవితమంతా సూదీ దారంతో ఈమె సంపాదించిన నేర్పు. నీటిరంగులను, కుట్టును, కాగితాన్ని కలిపి చేసే నేటి మిశ్రమ మాధ్యమ కళకు ఈమెను తొలితరం మార్గదర్శకులలో ఒకరుగా పేర్కొనవచ్చు.

బాల్యము, తొలి వివాహము

ఈమె అసలు పేరు మేరీ గ్రాన్‌విల్. ఇంగ్లండులోని విల్ట్‌షైర్ ప్రాంతంలో, కౌల్‌స్టన్ గ్రామంలో జన్మించింది. రాణి ఆన్ కొలువులో స్థానం పొందడానికి తగిన శిక్షణను లండన్‌లో మేనత్త ఇంట పొందింది. సంగీతం, చిత్రలేఖనం, కుట్టుపని అందులో భాగాలు. 1714లో రాణి మరణించడంతో ఆ ఆశ నెరవేరలేదు. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది.

1718లో, పదిహేడేళ్ళ వయసులో, పెదనాన్న లాన్స్‌డౌన్ ప్రభువు ఒత్తిడిపై అలెగ్జాండర్ పెండార్వ్స్ అనే పార్లమెంటు సభ్యునితో వివాహం జరిగింది. అతనికి అప్పటికి సుమారు అరవై ఏళ్ళు. ఈ పెళ్ళి ఆమెకు ఏమాత్రం ఇష్టం లేదు. 1725లో భర్త మరణించాడు. వీలునామా మార్చకుండానే మరణించినందువల్ల ఆయన ఆస్తి ఆమెకు దక్కలేదు. పరిమితమైన ఆదాయంతో, బంధుమిత్రుల ఇళ్ళలో కాలం గడిపింది. అయితే వితంతువు కావడం వలన తన ఇష్టం వచ్చినట్లు జీవించే వెసులుబాటు ఆమెకు కలిగింది. సంగీతకారుడు హాండెల్, రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఈమె మిత్రులు.

కుట్టుపని

ఆ కాలంలో సూదిపని ఉన్నత కుటుంబాల స్త్రీలకు తప్పనిసరి విద్య. దానిని కాలక్షేపంగానే తప్ప కళగా ఎవరూ లెక్కించేవారు కాదు. అప్పటి ఆంగ్ల కుట్టుపనిలోని పూల తీగలపై మచిలీపట్నం మొదలైన కోరమాండల్ తీరపు రేవుల నుండి వెళ్ళిన అద్దకపు గుడ్డల ప్రభావం కనిపిస్తుంది. ఈ గుడ్డల వలన తమ బతుకుతెరువు పోతున్నదని ఆంగ్ల నేతపనివారు ఆందోళన చేయగా, 1721 నాటి చట్టం వాటి వాడకాన్ని చాలావరకు నిషేధించింది. 1774లో ఆ నిషేధం తొలగింది.

డెలానీ మాత్రం అప్పటికే వాడుకలో ఉన్న నమూనాలతో తృప్తి పడలేదు. తోటలో పూసిన పూలను చూసి కుట్టేది. 1740 ప్రాంతంలో రాజదర్బారుకు ధరించడానికి నల్లని పట్టుపై ట్యులిప్, స్వీట్ పీ వంటి పూలను ఎంబ్రాయిడరీ చేసిన దుస్తులు రూపొందించింది. ఒకే రేకులో దారపు ఛాయలను ముదురు నుండి లేతకు మారుస్తూ, కుంచెతో వేసినట్లు కనిపించేలా కుట్టడం ఇందులోని ప్రత్యేకత. నల్లని నేపథ్యంపై ఎదురుగా నిలిచిన పూలు మూడు దశాబ్దాల తరువాత ఆమె కాగితపు చిత్రాలలో తిరిగి కనిపిస్తాయి.

1743లో ఐర్లండుకు చెందిన మతాచార్యుడు పాట్రిక్ డెలానీని వివాహం చేసుకుంది. ఈసారి కుటుంబం అంగీకరించకపోయినా తానే నిర్ణయించుకుంది. డబ్లిన్ సమీపంలోని డెల్విల్‌లో తోట పెంపకం, కుట్టుపని, గవ్వల అలంకరణ, చిత్రలేఖనం సాగించింది. 1768లో ఆయన మరణించాడు.

కాగితపు పూలు

భర్త మరణానంతరం ఈమె తన స్నేహితురాలైన పోర్ట్‌లాండ్ డచెస్ మార్గరెట్ నివాసమైన బుల్‌స్ట్రోడ్‌లో ఎక్కువ కాలం గడిపింది. వృక్ష శాస్త్రజ్ఞులు జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ అక్కడికి వచ్చేవారు. 1772లో ఒక జెరేనియం పూరేకు రంగు, దగ్గర ఉన్న ఎర్రని కాగితం రంగు ఒకటే కావడం గమనించి, ఆ కాగితాన్ని రేకుల ఆకారంలో కత్తిరించింది. తొలి చిత్రం అలా రూపొందింది.

పని విధానం ఇది. ముందుగా ఒక కాగితానికి నల్లని రంగు పూసి ఆరబెట్టేది. మొక్కను ఎదురుగా ఉంచుకొని, గీతలు గీయకుండానే, రేకులు, కేసరాలు, ఆకుల ఈనెలు కత్తెరతో కత్తిరించేది. కావలసిన ఛాయ దొరకనప్పుడు కాగితానికి తానే నీటిరంగు వేసేది. లేత ముక్కపై ముదురు ముక్క, దానిపై మరొకటి అతికించి వెలుగునీడలు తెచ్చేది. ఒకదాని పక్కన ఒకటిగా దారపు పోగులను పేర్చే కుట్టు పద్ధతికి ఇది చాలా దగ్గరగా ఉంటుంది. చివరగా అవసరమైన చోట్ల నీటిరంగులతో సన్నని మెరుగులు దిద్దేది. కొన్ని చిత్రాలలో నిజమైన ఆకులు కూడా అతికించింది. కృష్ణకమలం జాతికి చెందిన ఒక పువ్వులో రెండు వందలకు పైగా ముక్కలు ఉన్నాయి. ప్రతి చిత్రానికి మొక్క పేరు, తేదీ, స్థలం, మొక్కను ఇచ్చినవారి పేరు రాసి ఉంచడం వలన ఇవి వృక్షశాస్త్రానికి కూడా ఉపయోగపడ్డాయి.

వెయ్యి చిత్రాలు పూర్తి చేయాలన్నది ఆమె సంకల్పం. 1782 నాటికి కంటిచూపు మందగించడంతో సుమారు 985 చిత్రాల వద్ద ఆపివేయవలసి వచ్చింది.

చివరి రోజులు

1785లో డచెస్ మరణించగా, రాజు మూడవ జార్జి ఈమెకు విండ్సర్‌లో ఇల్లు, సంవత్సరానికి 300 పౌండ్ల భృతి ఏర్పాటు చేశాడు. 1788లో లండన్‌లో మరణించింది. పికాడిలీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో ఖననం చేశారు.

ప్రాముఖ్యత

ఈమె ఉత్తరాలు 1861-62లో ఆరు సంపుటాలుగా వెలువడ్డాయి. వాటికి సంపాదకత్వం వహించిన లేడీ లానోవర్ ద్వారా 1897లో పూల చిత్రాలు బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. 18వ శతాబ్దం చివరలో, పట్టుగుడ్డపై ముఖాలను, ఆకాశాన్ని నీటిరంగులతో చిత్రించి మిగిలిన భాగాన్ని దారంతో కుట్టే చిత్రాలు ఇంగ్లండులో విరివిగా వచ్చాయి. వాటిని కుట్టిన స్త్రీలలో చాలామంది పేర్లు నిలవలేదు. డెలానీ పేరు మాత్రం ఆమె ఉత్తరాల వలన, చిత్రాలపై రాసుకున్న వివరాల వలన నిలిచింది.