సమాధి దగ్గర పశువుల తొట్టి



చిత్రకారుడు ఎల్ గ్రెకో 1541లో క్రీటు ద్వీపంలో పుట్టాడు. వెనిస్, రోము నగరాల్లో పనిచేసి, 1577 నాటికి స్పెయిన్‌లోని టొలేడో చేరాడు. అతడు వేసిన చిత్రం రాజైన రెండవ ఫిలిప్‌కు నచ్చలేదు. టొలేడోలోనే ఉండిపోయి దేవాలయాలకు, మఠాలకు చిత్రాలు వేశాడు. కుమారుడు, సహాయకులు అతని పనిశాలలో తోడుగా ఉన్నారు.

గొఱ్ఱెల కాపరులు బాలయేసును ఆరాధించే దృశ్యాన్ని ఎన్నోసార్లు గీశాడు. చివరి రోజుల్లో దానినే తన సమాధి కోసం మళ్లీ గీశాడు. అందులో దీపం లేదు; వెలుగంతా ఆ శిశువు నుండే వస్తుంది. 1614లో అతడు కన్నుమూశాడు.

భూస్థాపనలకు వెళ్లినప్పుడల్లా సమాధిరాళ్ల మీద పేర్లు, పదవులు చదువుతుంటాము. ఎల్ గ్రెకో మాత్రం తన మరణానికి ఎదురుగా ప్రభువు జననాన్ని నిలిపాడు. మన సమాధి దగ్గర నిలబడేవారికి ఎవరు కనబడాలి? మనమా, ఆయనా?