చక్రశిల్పి జేమ్స్ స్టార్లీ

ఇంగ్లండులోని ససెక్సు ప్రాంతమున ఆల్‌బోర్న్ అనే పల్లెలో, 1830లో, ఒక రైతు ఇంట జేమ్స్ స్టార్లీ జన్మించినాడు. చిన్ననాడే పొలం పనికి దిగినాడు; కొంత వయసు రాగానే ఇల్లు విడిచి, లండన్ చెంత లూయిషాంలో తోటమాలిగా కుదిరినాడు. యజమాని ఇంట చెడిపోయిన కుట్టుమిషనును బాగుచేయుటతో అతని దశ తిరిగినది. 1861 ప్రాంతమున కోవెంట్రీ చేరి, కుట్టుమిషన్ల కర్మాగారంలో స్థిరపడినాడు.

1868లో ఆ కర్మాగారానికి ఫ్రాన్సునుండి ఒక సైకిలు వచ్చినది. దాని పెడళ్లు ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉన్నవి. కాలు ఒక చుట్టు తిప్పిన చక్రమూ ఒకే చుట్టు తిరుగును. కనుక వేగం కావలెనన్న చక్రమే పెరుగవలెను. స్టార్లీ సన్నని తీగలను ఊచలుగా బిగలాగి, పెద్దదైనను తేలికైన చక్రం తయారుచేసినాడు. 1870లో విలియం హిల్మన్‌తో కలిసి ‘ఏరియల్’ సైకిలుకు పేటెంటు పొందినాడు. 1874లో ఊచలను ఇరుసుకు సూటిగా గాక ఓరగా, వృత్తమునకు స్పర్శరేఖవలె అమర్చినాడు. పాఠశాల ముంగిట నిలిపిన ఏ సైకిలు చక్రాన్ని పరికించినను ఆ అల్లిక నేటికీ కానవచ్చును.

అయితే ఈ ఎత్తు చక్రం ప్రాణాంతకమైనది. కూర్చునే పీట ఇంచుమించు ఇరుసుకు పైననే ఉండుటచేత, దారిలో రాయి తగిలినా, బ్రేకు గట్టిగా పట్టినా, మనిషి హేండిలు మీదుగా తలక్రిందులై పడేవాడు. పల్లమునకు దిగునపుడు కొందరు కాళ్లను హేండిలు పైనుండి ముందుకు చాచుకొనేవారు. పడినను కాళ్లమీద పడవచ్చునని వారి ఆశ! స్త్రీలకు, వృద్ధులకు ఆ వాహనం అందని పండే.

అందుచేత స్టార్లీ మూడు చక్రాల బండ్లవైపు మరలినాడు. ఒకనాడు కుమారుడు విలియంతో పక్కపక్కన కూర్చుండి, చెరియొక చక్రం తొక్కుచుండగా, కుమారుని బలమెక్కువై బండి పక్కకు తిరిగి, ఆ పిల్లవాడు దురద మొక్కల పొదలో పడినాడని చెప్పుదురు. కథ ఎట్లున్నను, 1877లో అతడు సాధించిన ‘డిఫరెన్షియల్’ గేరు నిజము. ఇరుపక్కల చక్రాలకు శక్తినందించుచునే, మలుపులో వెలుపలి చక్రం లోపలి దానికంటె ఎక్కువ తిరుగుటకు అది వీలు కల్పించును. మోటారు కార్లలోనూ తరువాత ఆ అమరికయే చోటుచేసుకొన్నది. విక్టోరియా రాణి సయితం అతని మూడు చక్రాల బండ్లు రెండింటిని తెప్పించుకొన్నది.

1881 జూన్‌లో స్టార్లీ కన్నుమూసినాడు. 1884లో కోవెంట్రీలో అతనికి స్మారకచిహ్నం వెలసినది. మరుసటి యేడు, అతనివద్ద పని నేర్చిన సోదరుని కుమారుడు జాన్ కెంప్ స్టార్లీ, గొలుసుతో వెనుక చక్రాన్ని త్రిప్పే ‘రోవర్’ సైకిలును వెలువరించినాడు. గొలుసు పళ్లచక్రాలే వేగం చూచుకొనుటచేత పెద్ద చక్రంతో పని తీరినది. మనిషి మరల నేలకు కాలందే ఎత్తుకు దిగినాడు.