శిథిలాలకు ఆయువు పోసిన విద్వాంసుడు: గులాం యజ్దానీ

అజంతా గుహలు, ఎల్లోరా కైలాసం, పాలంపేట రామప్ప గుడి, హనుమకొండ వేయి స్తంభాల గుడి, బీదరు కోట - ఇవన్నీ నేడు మూడు రాష్ట్రాలలో ఉన్నాయి. కాని ఒకప్పుడు ఇవన్నీ ఒకే సంస్థానంలో, ఒకే శాఖ రక్షణలో ఉండేవి. ఆ సంస్థానం హైదరాబాదు. ఆ శాఖ నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ. 1914లో శాఖ ఏర్పడిన నాటి నుండి 1943 వరకు, సుమారు మూడు దశాబ్దాల పాటు దానిని నడిపిన వారు డాక్టర్ గులాం యజ్దానీ. ఆయన జీవితాన్ని గూర్చి మన విద్యార్థులకు తెలిసినది చాలా తక్కువ. ఆయన గ్రంథాలు వెలలో, పరిమాణంలో కూడ సామాన్య పాఠకునికి అందని ఎత్తులో ఉండిపోవడం అందుకొక కారణం కావచ్చు.

యజ్దానీ 1885లో ఢిల్లీలో జన్మించారు. 1857 తిరుగుబాటు తరువాత సగానికి పైగా రూపు మారిన ఢిల్లీ అది. కోట లోపలి భవనాలెన్నో కూలగొట్టబడ్డాయి. ఆ నగర కట్టడాలను గురించి సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1847లోనే ఉర్దూలో ఒక బృహద్గ్రంథం వెలువరించి ఉన్నారు. కనుక పాత గోడ మీది శాసనాన్ని చదవడం, దాని కథను వ్రాసి ఉంచడం ఆ నగరపు విద్వాంసులకు కొత్త విద్య కాదు. యజ్దానీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదివి, అరబ్బీ, పారశీక భాషలలో పాండిత్యం గడించి, ముందుగా అధ్యాపక వృత్తిని చేపట్టారు. బెంగాలులోని రాజ్‌షాహీలోను, ఆ పిమ్మట లాహోరులోను అరబ్బీ బోధించారు. అంతవరకు ఆయన జీవితం ఎందరో పండితుల జీవితం వంటిదే.

మలుపు 1914లో వచ్చింది. పరిపాలనా దక్షుడు, కళాభిమాని అయిన అక్బర్ హైదరీ ప్రోత్సాహంతో హైదరాబాదులో పురావస్తు శాఖ నెలకొన్నది. భారత పురావస్తు సర్వేక్షణ అధిపతి సర్ జాన్ మార్షల్ సలహాలు దానికి తోడయ్యాయి. ఇరవై తొమ్మిదేళ్ల అరబ్బీ అధ్యాపకుడు ఆ శాఖకు అధిపతి అయ్యాడు. దాదాపు ఆ రోజులలోనే మరొక బాధ్యత కూడ ఆయన మీద పడింది. భారతదేశంలోని అరబ్బీ, పారశీక శాసనాలను ప్రకటించే పత్రికకు అలీగఢ్‌లో బోధించే జర్మన్ పండితుడు హోరోవిట్జ్ సంపాదకులుగా ఉండేవారు. ప్రపంచ యుద్ధం రాగానే ఆయన నిర్బంధంలోకి పోగా, ఆ పని యజ్దానీకి వచ్చింది. పాతికేళ్లకు పైగా ఆయన దానిని నిర్వహించారు. మసీదుల, దర్గాల, కోటల మీది శాసనాలు ఎన్నో ఆ సంపుటాలలో తొలిసారిగా వెలుగు చూశాయి.

శాఖ తొలి అదృష్టం 1915లోనే పండింది. రాయచూరు ప్రాంతపు మస్కి గ్రామం వద్ద బంగారు గనుల ఇంజనీరు బీడన్ ఒక బండ మీద అశోకుని శాసనాన్ని కనుగొన్నాడు. అప్పటి వరకు దొరికిన ధర్మశాసనాలలో దేవానాంప్రియుడు, ప్రియదర్శి అన్న బిరుదులే గాని రాజు పేరు లేదు. మస్కి శాసనంలో అశోకుడన్న పేరు స్పష్టంగా కనిపించింది. ఆ బిరుదుల వెనుక ఉన్న రాజెవరన్న చిరకాల చర్చ దానితో ముగిసింది. కృష్ణశాస్త్రిగారు పరిష్కరించిన ఆ శాసనమే హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో మొదటి సంపుటం.

అయితే యజ్దానీ పేరును లోకానికి తెలిపినది అజంతా. వాఘోరా నది గుర్రపు నాడా వలె వంపు తిరిగిన చోట కొండలో తొలిచిన ముప్ఫై గుహలవి. 1819లో జాన్ స్మిత్ అనే ఆంగ్ల సైనికాధికారి కంట పడిన నాటి నుండి వాటికి కీర్తి, కీడు రెండూ కలిసే వచ్చాయి. స్మిత్ పదవ గుహలో బొమ్మ మీదనే తన పేరు చెక్కుకున్నాడు. తరువాత వచ్చినవారిలో కొందరు బొమ్మల ముక్కలనే కోసి పట్టుకుపోయారు. గబ్బిలాల రెట్ట, వంటల పొగ, వాన నీటి ఊట తమ పని తాము చేశాయి. చిత్రాలకు నకళ్లు తీసే ప్రయత్నాలూ విధి వంచితాలైనాయి. మేజర్ గిల్ ఏళ్ల తరబడి శ్రమించి వేసిన నకళ్లలో ఎక్కువ భాగం 1866లో లండను క్రిస్టల్ ప్యాలెస్ మంటలలో మాడిపోయాయి. గ్రిఫిత్స్ బృందం వేసిన నకళ్లు పెక్కు 1885లో అదే నగరంలో మరొక అగ్నిప్రమాదానికి ఆహుతైనాయి. పైగా నకలు తీసే వేళ రంగులు స్పష్టంగా కనబడాలని అసలు బొమ్మల మీద పూసిన వార్నిషు కాలక్రమాన నల్లబడింది. నకలు కాలిపోయింది, అసలు మసకబారింది. ఇదీ యజ్దానీకి సంక్రమించిన అజంతా.

ఆయన ముందు రెండు పనులు నిలిచాయి: ఉన్నదానిని గోడ మీద నిలబెట్టడం, నిలబడిన దానిని నమ్మకంగా లోకానికి చూపడం. మొదటి పనికి నిజాం ప్రభుత్వం ఇటలీ నుండి సెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించింది. 1920-22 మధ్య వారు గుహలలో పని చేశారు. అజంతా బొమ్మలు తడి సున్నం మీద వేసినవి కావు. మట్టిలో నారపోగులు, ఊక కలిపి మెత్తిన పూత మీద పలుచని సున్నపు పొర వేసి, అది ఆరిన పిమ్మట రంగులద్దినవి. అందుచేత మట్టిపూత రాతిని వీడితే చిత్రం పెళ్లలుగా రాలిపోతుంది. ఇటలీ నిపుణులు వదులైన పెళ్లలను అతికించారు, అంచులను గట్టిపరిచారు, మసిని తుడిచారు. ఆపైన రంగులు రాలకుండా లక్క పూత వేశారు. రాలిపోవలసిన బొమ్మ నిలిచింది. లక్క మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పసుపు వర్ణానికి తిరిగి, దుమ్మును పట్టి, నీలాలను, ఆకుపచ్చలను కప్పివేసింది. ఆ పూతను తొలగించడానికి భారత పురావస్తు సర్వేక్షణ రసాయన నిపుణులు తరువాతి కాలంలో ఎన్నో ఏళ్లు శ్రమించవలసి వచ్చింది. ఆ నాటికి ప్రపంచంలో ఎవరికీ అంతకంటె మేలైన మందు తెలియదన్నది నిజమే. కాని మందు వేసినది ఆయన హయాంలోనే అన్న సంగతిని దాచిపెట్టి ఆయనను పొగడడం ఆయన పాండిత్యానికి గౌరవం కాదు.

రెండవ పనిలో ఆయన మార్గం వేరు. చిత్రకారుని చేతిని నమ్మక కెమెరాను నమ్మారు. చీకటి గుహలలో కృత్రిమ కాంతితో రంగుల ఛాయాచిత్రాలు తీయించి, వివరణ గ్రంథాలతో సహా నాలుగు భాగాలుగా ప్రకటించారు. మొదటి భాగం 1930లో, రెండవది 1933లో, మూడవది 1946లో, చివరిది 1955లో వెలువడ్డాయి. ఉద్యోగ విరమణ తరువాత కూడ పన్నెండేళ్లు ఆ పని ఆయనను వదలలేదు. ఆ వివరణల వెనుక ఎంత చదువు ఉన్నదో గమనించాలి. గోడ మీద ఒక రాజు త్రాసు ముందు నిలబడి ఉంటాడు. అది శిబి కథ అని తెలియాలి. ఆరు దంతాల ఏనుగు కనబడితే ఛద్దంత జాతకం స్ఫురించాలి. మహాజనకుడు, విశ్వంతరుడు ఎవరో ఎరిగి ఉండాలి. కథలను గుర్తించడంలో ఫ్రెంచి పండితుడు ఫూషే వంటి వారి కృషి తోడ్పడింది. శాసనాల పాఠాలను చక్రవర్తి వంటి శాసనవేత్తలు చూశారు. అయినా పదిహేను వందల ఏళ్ల నాటి బౌద్ధ కథలను ఒక్కొక్క ముఖకవళిక పట్టి చెప్పిన వాక్యాలు ఈ అరబ్బీ అధ్యాపకునివే. అది తన మత సాహిత్యం కాదన్న సంకోచం ఆ పుటలలో ఎక్కడా కనబడదు.

తెలుగువారు ఆయనను తలచుకోవలసినది మరొక పని వలన. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రుద్రేశ్వరాలయాన్ని ప్రతిష్ఠించాడు. లోకులు దానిని శిల్పి పేరు మీదుగా రామప్ప గుడి అన్నారని ప్రతీతి. అడవి నడుమ, చెరువు ప్రక్కన మరుగున పడి ఉన్న ఆ గుడి శాసనాన్ని ఆంగ్ల విద్వాంసుడు బార్నెట్ పరిష్కరించగా 1919లో యజ్దానీ శాఖే అచ్చు వేయించింది. 1922లో యజ్దానీ స్వయంగా పాలంపేట దేవాలయాలపై గ్రంథం వ్రాశారు. సర్వేక్షణ వారి గ్రంథమాలలో అది ఆరవది. ఆలయ ప్రణాళికను, నల్లరాతి మదనికలను, స్తంభాల నగిషీని, నర్తకీమణుల భంగిమలను ఆయన వరుసగా పరిశీలించారు. కాకతీయ శిల్పం తన కాలులపై తాను నిలువగల ఒక సంప్రదాయమని బయటి పండితులకు తెలియజెప్పిన తొలి రచనలలో అది ఒకటి. తరువాత ఆ భంగిమలలో తెలుగు నాట్యాన్ని వెదికినవారికి కూడ దారి కొంత సుగమమైంది.

బీదరు ఆయనకు మరింత ప్రీతిపాత్రం అనుకుంటాను. బహమనీల, బరీదుల రాజధాని అది. మహమూద్ గవాను 1472లో పూర్తి చేసిన మదరసా పలకల నీలిరంగు నేటికీ అక్కడక్కడ మెరుస్తుంది. కోటలో కూలిన గుట్టల క్రింద పూడిపోయిన మందిరాలను శాఖ వారు వెలికి తీశారు. ఆ అనుభవమంతా 1947లో అచ్చయిన బీదరు చరిత్ర గ్రంథంలో ఉన్నది. మాళవంలోని మాండూ నగరంపై 1929లోనే ఆయన వేరొక పుస్తకం వెలువరించారు.

కట్టడాన్ని నిలబెట్టడానికి సున్నం, రాయి ఉంటే చాలదు, చట్టం కావాలి. బ్రిటిషు ఇండియాలో 1904లో ప్రాచీన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది గాని అది సంస్థానాలకు వర్తించదు. హైదరాబాదు తన సొంత చట్టాన్ని 1337 ఫస్లీలో, అనగా 1927-28లో చేసింది. ఏ కట్టడం రక్షితమో ప్రకటించే అధికారం, దానిని పాడుచేసిన వానిని శిక్షించే అధికారం అప్పుడు ఏర్పడ్డాయి. సంస్థానం పోయిన పిమ్మట 1951 నాటి కేంద్ర చట్టంతో వీటిలో ముఖ్యమైనవి జాతీయ ప్రాముఖ్యం గలవిగా ప్రకటింపబడ్డాయి. పాత శాఖ తయారు చేసిన జాబితాలు, నివేదికలు ఆ మార్పులో ఎంత అక్కరకు వచ్చాయో పాలనా చరిత్ర వ్రాసేవారు ఎవరైనా పరిశీలించదగినది.

పదవి చివరి ఏండ్లలో మెదకు జిల్లా కొండాపురంలో, అనగా నేటి సంగారెడ్డి జిల్లాలో, ఆయన త్రవ్వకాలు జరిపించారు. శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. 1943లో విరమించిన తరువాత విశ్రాంతి తీసుకోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పోషణలో దక్కను ప్రాచీన చరిత్రకు సంపాదకత్వం వహించి 1960లో రెండు సంపుటాలుగా వెలువరించారు. అందులో కాకతీయుల అధ్యాయం వ్రాసినవారు నేలటూరి వెంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మగార్లు. ఢిల్లీలో పుట్టిన ముస్లిం విద్వాంసుని సంపాదకత్వంలో ఇద్దరు తెలుగు పండితులు ఓరుగల్లు చరిత్రను ఆంగ్లంలో వ్రాశారు. ఆనాటి హైదరాబాదు విద్వత్ లోకంలో అది ఎవరికీ వింతగా తోచినట్లు లేదు.

1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ బిరుదంతో సత్కరించింది. 1962లో హైదరాబాదులో ఆయన పరమపదించారు. అజంతా, ఎల్లోరా 1983లోను, రామప్ప 2021లోను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. అజంతా గోడల మీద ఆయన నాటికి ఉండి ఈనాటికి చెదిరిన అంశమేదైనా ఉన్నదా అని తరచి చూడదలచినవారు నేటికీ గ్రంథాలయాలలో 1930 నాటి ఆ ఫలకాలనే తెరుస్తారు.