యంత్రానికి ఆలోచన నేర్పిన అలన్ ట్యూరింగ్

మన హాస్టల్లో కంప్యూటర్ సైన్స్ చదివే మిత్రులకు ట్యూరింగ్ మెషీన్ సిలబస్‌లో ఒక పాఠం. పరీక్షకు చదువుతాం, రాస్తాం, మర్చిపోతాం. ఆ పేరు గల మనిషి జీవితం మాత్రం ఏ సిలబస్‌లోనూ ఉండదు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

అలన్ ట్యూరింగ్ 1912 జూన్ 23న లండన్‌లో జన్మించారు. తండ్రి మద్రాసు ప్రెసిడెన్సీలో ఐ.సి.ఎస్. అధికారి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే. తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా ఇండియాలో ఉంటే, అలన్, ఆయన అన్న జాన్ ఇంగ్లండులో వేరేవాళ్ళ ఇంట్లో పెరిగారు. 1926లో 13 ఏళ్ళ వయసులో షెర్బోర్న్ బోర్డింగ్ స్కూల్లో చేరాల్సిన సమయానికి దేశమంతటా సమ్మె, రైళ్ళు లేవు. ఆ పిల్లవాడు ఒంటరిగా 60 మైళ్ళు సైకిల్ తొక్కి బడికి చేరుకున్నాడు. చదువు కోసం ఊరు విడిచి వచ్చిన మనకు ఆ పట్టుదల తెలియనిది కాదు.

ఆ బడిలోనే క్రిస్టఫర్ మార్కమ్ అనే తోటి విద్యార్థిని అలన్ ప్రాణంగా ప్రేమించారు. 1930 ఫిబ్రవరిలో క్రిస్టఫర్ క్షయతో చనిపోయాడు. అతను బతికుంటే తాను ఎంత కష్టపడేవాడో అంతే కష్టపడి చదవాలని అలన్ నిశ్చయించుకున్నారు. 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చేరి, 22 ఏళ్ళకే అక్కడ ఫెలో అయ్యారు. 1936 నాటి ఆయన పరిశోధనా పత్రం నేటి కంప్యూటర్ శాస్త్రానికి పునాది. ఆదేశాలను వరుసగా పాటించే ఒక ఊహా యంత్రం ఏ లెక్క చేయగలదో, ఏది చేయలేదో ఆయన అందులో నిరూపించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్లెచ్లీ పార్కులో పనిచేస్తూ, జర్మన్ నౌకాదళం వాడిన ఎనిగ్మా రహస్య సంకేతాలను ఛేదించడంలో ముందు నిలిచారు. ఆ పని దశాబ్దాల పాటు ప్రభుత్వ రహస్యంగానే ఉండిపోయింది. 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చేరారు. యంత్రాలు ఆలోచించగలవా అనే ప్రశ్నపై 1950లో ప్రసిద్ధ వ్యాసం రాశారు.

1952లో ఆయన ఇంట్లో దొంగతనం జరిగింది. పోలీసులకు ఫిర్యాదు చేసింది ఆయనే. విచారణలో తనకు మరొక పురుషుడితో సంబంధం ఉందని దాచకుండా చెప్పారు. అంతే, ఫిర్యాదుదారు ముద్దాయి అయ్యాడు. 1885 నాటి చట్టం ప్రకారం అది నేరం. జైలు తప్పించుకోవాలంటే హార్మోన్ మందులకు ఒప్పుకోవాలన్నారు. ఏడాది పాటు ఆ మందులు భరించారు. రహస్య విభాగం పనికి అర్హత పోయింది. 1954 జూన్ 7న సైనైడ్ విషంతో మరణించారు. విచారణాధికారి ఆత్మహత్యగా తేల్చారు. అప్పటికి ఆయన వయసు 41.

2009లో బ్రిటన్ ప్రధాని క్షమాపణ చెప్పారు. 2013లో రాజక్షమాభిక్ష లభించింది. 2021లో 50 పౌండ్ల నోటుపై ఆయన బొమ్మ వచ్చింది. ఇవేవీ చూడటానికి ఆయన లేరు.

మన దేశంలో బ్రిటిష్ వారు పెట్టిన 377 సెక్షన్ పరిధి నుంచి వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తొలగించింది. లైంగికతను బట్టి, జెండర్‌ను బట్టి తోటి విద్యార్థిని వేధించడం కూడా ర్యాగింగేనని యు.జి.సి. 2016లోనే నిబంధన చేర్చింది.

మిత్రులారా! చట్టం మారినా గదుల్లో మాట మారలేదు. నడకను చూసి, గొంతు విని, తేడాగాడని పేరు పెట్టి నవ్వుకోవడం మనకు కొత్త కాదు. కులం పేరు పెట్టి పిలిస్తే గుండె ఎలా మండుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పుట్టుకను బట్టి మనల్ని కొలిచిన లోకాన్ని తప్పు పట్టే మనం, అదే కొలబద్దను పక్క మంచం వాడిపై వాడవచ్చా?

మెస్‌లో ఒంటరిగా కూర్చునే తమ్ముడి పక్కన కంచం పెట్టుకుని కూర్చుందాం. చెల్లెళ్ళ హాస్టల్లోనూ ఇదే జరగాలి. ట్యూరింగ్‌కు మనం ఇవ్వగల నివాళి అదే.